లేజర్ ఫైబర్‌లోకి వెళ్లడం లేదా? ఫోన్-ఇన్‌లో మీ ప్రశ్నలు

యాంకర్: మొదటి కాల్ వరంగల్ నుంచి. చెప్పండమ్మా.

కాలర్: నమస్తే సర్, నేను బీటెక్ ఫైనలియర్, మా ప్రాజెక్టు లేజర్‌ని సింగిల్ మోడ్ ఫైబర్‌లోకి, అంటే వెలుగు వెళ్లే సన్నని గాజు పోగులోకి పంపడం, స్టేజ్, అంటే సూక్ష్మంగా జరిపే పరికరం కొనే స్తోమత లేదు సర్, అందుకని డ్రాయర్ ఛానళ్లు తెచ్చి ఎం6, అంటే 6 మిల్లీమీటర్ల బోల్టులు పెట్టి నేనే చేశాను, మా తమ్ముడు కూడా సాయం చేశాడు, మూడు వారాలైంది, లైట్ దొరుకుతుంది, మీటర్లో రీడింగ్ పెరుగుతుంది, బోల్టు మీంచి చెయ్యి తియ్యగానే పోతుంది. టెన్షన్‌గా ఉంది సర్.

నిపుణుడు: చెయ్యి తియ్యగానే పోతోందన్నారు చూడండి, జబ్బు అక్కడే ఉంది. ఛానల్లో బాల్స్‌కి లూజు ఉంటుంది, మీ వేలి బరువుకే కదులుతోంది. టెలికాం ఫైబర్ కోర్, అంటే మధ్యలో వెలుగు వెళ్లే దారి, సుమారు 9 మైక్రాన్లు, మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు. ఎం6 చుట్టుకి 1 మిల్లీమీటరు వెళ్తుంది, 10 డిగ్రీలు తిప్పితే 28 మైక్రాన్లు, మూడు కోర్లు దాటేశారన్నమాట. ఎం3 అయితే చుట్టుకి అర మిల్లీమీటరే, లీవర్‌తో అందులో అయిదో వంతు చేస్తే అదే 10 డిగ్రీలకి 3 మైక్రాన్ల లోపు. కానీ ముందు లూజు తియ్యాలి.

కాలర్: ఎం6 ఉంచేసి స్టెప్పర్ మోటార్ పెడితే సరిపోదా సర్? 28బీవైజే-48 ఉంది నా దగ్గర.

నిపుణుడు: మోటార్ లూజుని తియ్యదమ్మా. దానికి చుట్టుకి సుమారు 4096 హాఫ్ స్టెప్పులు, లెక్కలో బ్రహ్మాండంగా ఉంటుంది, కానీ దాని గేర్లలోనే లూజు ఉంది. ఛానళ్లు పక్కన పెట్టండి. రెండు హాక్సా బ్లేడ్ ముక్కలు, వంగే భాగం 6 సెంటీమీటర్లు ఉండేలా, పక్కపక్కన నిలబెట్టి కింద బేస్‌కి, పైన ప్లేట్‌కి బిగించండి. ప్లేట్‌ని నెడితే బ్లేడ్లు వంగి అది పక్కకి జరుగుతుంది, రాపిడి లేదు, లూజు లేదు. అర మిల్లీమీటరు జరిపితే రెండున్నర మైక్రాన్లు కిందికి కూడా దిగుతుంది, అది ఇంకో స్క్రూతో సర్దుకోవాలి. జిగురు మాత్రం వద్దు, పట్టీ వేసి బోల్టులతో నొక్కండి.

కాలర్: అయితే మోటార్ అసలు వద్దా సర్?

నిపుణుడు: పెట్టుకోండి, తర్వాత. గేర్ల లూజు ఇబ్బంది పెట్టకుండా ఒక స్ప్రింగ్ లాగి ఉంచండి, ఎప్పుడూ ఒకే వైపు నుంచి రండి. దాటిపోతే బాగా వెనక్కి వెళ్లి మళ్లీ అదే వైపు నుంచి రావాలి. ఫ్యాన్ ఆపెయ్యండి. 10 సెంటీమీటర్ల అల్యూమినియం ఒక్క డిగ్రీకి 2.3 మైక్రాన్లు పెరుగుతుంది, మీరు ముట్టుకుంటేనే వేడెక్కుతుంది.

యాంకర్: థాంక్యూ అమ్మా. కాకినాడ నుంచి, చెప్పండి.

కాలర్: సర్, పీఎల్ఏ ప్లాస్టిక్‌తో త్రీడీ ప్రింట్ చేసిన ఫ్లెక్షర్, అంటే మీరు చెప్పిన బ్లేడ్లలా వంగి కదిలే భాగం, విరిగిపోతోంది.

నిపుణుడు: వంగే చోట పొరలు ఒకదాన్నొకటి విడదీసేలా ప్రింట్ చేసి ఉంటారు, పడుకోబెట్టి చెయ్యండి. రాత్రంతా వంచి వదలకండి, పీఎల్ఏ మెల్లగా సాగి అలాగే వంగిపోతుంది. ఒకే వైపు నుంచి రావడం మర్చిపోవద్దు.

కాలర్: సర్ ఇంకొకటి...

యాంకర్: టైమ్ తక్కువుందండీ, క్షమించండి. ఒంగోలు.

కాలర్: 1550 నానోమీటర్ల లేజర్ తీసుకున్నాను సర్, ఫైబర్ చివర వెలుగు కనిపించట్లేదు.

నిపుణుడు: కనిపించదు, అది ఇన్‌ఫ్రారెడ్! కన్ను దగ్గర పెట్టి చూశారా?

కాలర్: ...ఒకసారి సర్.

నిపుణుడు: ఇంకెప్పుడూ చూడకండి. తేడాగా అనిపిస్తే రేపే కంటి డాక్టర్‌కి చూపించండి. ముందు లేజర్ ఆపెయ్యండి, ఫోటోడయోడ్, అంటే వెలుగును కరెంటుగా మార్చే సెన్సర్ పెట్టి మీటర్లో చూడండి. వరంగల్ అమ్మాయి వింటుంటే, ఆ బ్లేడ్ల పళ్లు ముందే గ్రైండ్ చేసుకోండి, వేళ్లు తెగుతాయి.