పార్వతీపురంలో రెండు ఓట్లు

పెద్దలకు, మిత్రులకు నమస్కారం.

విశాఖపట్నంలో కూర్చుని పార్వతీపురం గురించి ఎందుకని మీలో కొందరికి అనిపించవచ్చు. 1950 ఆగస్టు దాకా పార్వతీపురం మన జిల్లాలోదే. శ్రీకాకుళం జిల్లా ఏర్పడినప్పుడు అటు వెళ్ళింది, 1979లో విజయనగరంలో చేరింది, 2022లో తన పేరుతోనే మన్యం జిల్లా అయింది. జిల్లాలు ఎన్ని మారినా 2008 నియోజకవర్గాల పునర్విభజన దాకా ఆ పేరు మీద ఒక లోక్‌సభ స్థానం నిలిచింది. ఇప్పుడది లేదు. దాని చరిత్రలో 1957 నాటి ఒక్క ఎన్నిక గురించే ఎక్కువసేపు మాట్లాడాలని వచ్చాను.

అది అర్థం కావాలంటే ముందు మన ఊరి సంగతి ఒకటి చెప్పాలి. 1952 తొలి సార్వత్రిక ఎన్నికల్లో విశాఖపట్నం నుంచి ఒకరు కాదు, ఇద్దరు లోక్‌సభకు వెళ్ళారు. ఒకరు లంకా సుందరం. రెండోవారు గాం మల్లుదొర. అల్లూరి సీతారామరాజు వెంట నడిచిన మల్లుదొర, గంటం దొర సోదరుడు. మన్యం తిరుగుబాటు అణచివేత తర్వాత ఆయనకు ఉరిశిక్ష పడింది, అది యావజ్జీవంగా మారబట్టి బతికారు. అలాంటి మనిషిని ఈ జిల్లా ఓటర్లు ఢిల్లీకి పంపారు. సీతారామరాజు విగ్రహాలకు ఏటా దండలు వేస్తాం. ఆయన సహచరుడు మన ఎంపీ అని మన పిల్లలకు ఎంతమందికి చెప్పామో ఆలోచించండి.

ఇద్దరు ఎంపీలు ఎలా వచ్చారంటే, అప్పట్లో ద్విసభ్య నియోజకవర్గాలు ఉండేవి. 1957లో దేశంలో అలాంటి లోక్‌సభ స్థానాలు 91. ఒక స్థానం ఎస్సీలకో ఎస్టీలకో రిజర్వు, రెండోది జనరల్. నియోజకవర్గం ఒకటే, ఓటర్లూ వారే. ప్రతి ఓటరుకూ రెండు బ్యాలెట్ కాగితాలు ఇచ్చేవారు. ఇప్పటిలా యంత్రం మీద మీట నొక్కడం లేదు, కాగితం మీద ముద్ర వేయడమూ లేదు. ఒక్కో అభ్యర్థికి ఒక్కో పెట్టె, దాని మీద గుర్తు అంటించి ఉండేది. నచ్చిన పెట్టెలో కాగితం వేసి రావాలి. రెండు ఓట్లూ ఒకరికే వేయడం కుదరదు.

1952లో పార్వతీపురం ఏకసభ్య స్థానం, స్వతంత్ర అభ్యర్థి ఎన్. రామశేషయ్య గెలిచారు. 1957 వచ్చేసరికి అది ద్విసభ్య స్థానమైంది, ఒకటి ఎస్టీలకు. జనరల్ స్థానం కోసం బరిలోకి దిగింది వి.వి. గిరి.

గిరిగారు ఈ ప్రాంతానికి కొత్త కాదు. 1937 ఎన్నికల్లో బొబ్బిలి రాజావారిని ఆయన సొంత గడ్డ మీదే ఓడించారు. రాజావారు అప్పటికి మద్రాసు రాష్ట్రానికి ప్రధానిగా, అంటే ఇప్పటి మాటలో ముఖ్యమంత్రిగా, పనిచేసినవారు. రైల్వే కార్మిక నాయకుడు ఒక జమీందారును ఓడించడం అప్పట్లో చిన్న విషయం కాదు. 1952లో గిరి పాతపట్నం నుంచి లోక్‌సభకు ఎన్నికై, నెహ్రూ మంత్రివర్గంలో కార్మిక శాఖ చూశారు. బ్యాంకు ఉద్యోగుల వేతన తీర్పు విషయంలో ప్రభుత్వంతో విభేదించి 1954లో పదవి వదులుకున్నారు. అంతటి పేరు, అంతటి గౌరవం ఉన్న మనిషికి ఎదురుగా నిలబడింది ముగ్గురు. వారిలో ఇద్దరు గిరిజనులు, బిడ్డిక సత్యనారాయణ దొర, దిప్పల సూరి దొర.

లెక్కింపులో సత్యనారాయణ దొర మొదటి స్థానంలో ఉన్నారు. సూరి దొర రెండో స్థానం. గిరిగారు మూడో స్థానం, సూరి దొర కంటే 565 ఓట్లు తక్కువ.

నిబంధన ప్రకారం, ముందు ఎస్టీ అభ్యర్థుల్లో ఎక్కువ ఓట్లు వచ్చినవారిని రిజర్వుడు స్థానానికి ప్రకటించాలి. తర్వాత మిగిలినవారందరిలో, ఏ వర్గం వారైనా సరే, ఎక్కువ ఓట్లు వచ్చినవారిది జనరల్ స్థానం. అలా పార్వతీపురం రెండు స్థానాలూ గిరిజనులకే దక్కాయి.

గిరిగారు ఎన్నికల పిటిషన్ వేశారు. వ్యవహారం సుప్రీంకోర్టు దాకా వెళ్ళింది, 1959లో తీర్పు వచ్చింది. ఆయన వాదనలు రెండు. రిజర్వుడు స్థానానికి పోటీ చేస్తున్నానని ప్రకటించుకున్న అభ్యర్థికి జనరల్ స్థానం ఎలా ఇస్తారన్నది ఒకటి. రెండోది నన్ను ఇప్పటికీ బాధపెట్టేది. సూరి దొర పుట్టుకతో మూకదొర అనే గిరిజన తెగవారే అయినా, ఆయన కుటుంబం క్షత్రియ ఆచారాలు పాటిస్తోంది కాబట్టి ఆయన గిరిజనుడు కాడన్నారు. జంధ్యం, పెళ్ళి తంతు, పత్రాల్లో కులం రాసుకున్న తీరు, అన్నీ సాక్ష్యాలుగా కోర్టుకెక్కాయి. ఒక మనిషి తన ఇంట్లో పెళ్ళి ఎలా చేసుకున్నాడో దేశపు అత్యున్నత న్యాయస్థానంలో విచారించారు.

రెండు వాదనలూ నిలవలేదు. మెజారిటీ తీర్పు రాసినది జస్టిస్ గజేంద్రగడ్కర్. ఎస్టీ అభ్యర్థి జనరల్ స్థానానికీ అర్హుడేనన్నారు. ఒక కుటుంబం తనంతట తాను క్షత్రియులమని చెప్పుకున్నంత మాత్రాన కులం మారిపోదని కూడా అన్నారు. కుల విషయంలో జస్టిస్ కపూర్ మాత్రం విభేదించారు.

ఈ ఎన్నికను మనవాళ్ళు ఎప్పుడు తలచుకున్నా 'గిరిగారు ఓడిపోయిన ఎన్నిక' అనే అంటారు. ఆయన అదే ఏడాది ఉత్తరప్రదేశ్ గవర్నర్ అయ్యారు, 1969లో రాష్ట్రపతి అయ్యారు, అందుకే ఆ ఓటమి గుర్తుండిపోయింది. నేను మాత్రం అది సూరి దొర గెలిచిన ఎన్నిక అంటాను. గిరిజనులకు ఒక కుర్చీ కేటాయించాం, రెండోది మనది అని అందరూ అనుకుంటున్న చోట, లక్షకు పైగా ఓటర్లు ఆ రెండో కుర్చీ కూడా ఒక గిరిజనుడికే ఇచ్చారు. రిజర్వేషన్ అంటే కనీస వాటా, అంతకు మించి రాకూడదన్న గీత కాదు. ఆ మాట మన ఉత్తరాంధ్ర కొండల్లో ఓటు పెట్టెలే చెప్పాయి.

1961లో పార్లమెంటు చట్టం చేసి ద్విసభ్య స్థానాలన్నీ రద్దు చేసింది. పార్వతీపురం ఒక్క సభ్యుడి స్థానమైంది, ఎస్టీలకు రిజర్వు. 1962లోనూ 1971లోనూ బిడ్డిక సత్యనారాయణ మళ్ళీ గెలిచారు. ఆ రెండు ఎన్నికల మధ్యనే ఆ కొండల్లో గిరిజన రైతాంగ పోరాటం రగిలింది, 1967లో లేవిడి దగ్గర కోరన్న, మంగన్న బలయ్యారు. ఆ చరిత్రకు మరో సభ పెట్టుకోవాలి.

తర్వాతి కాలం మీకు తెలిసిందే. వైరిచర్ల కిశోర్ చంద్రదేవ్ 1977, 1980, 1984లో గెలిచారు. ఆ తర్వాత శత్రుచర్ల విజయరామరాజు వంటివారు వచ్చారు. 2004లో చివరి ఎంపీ మళ్ళీ కిశోర్ చంద్రదేవ్. 2009కి పాలకొండ నుంచి రంపచోడవరం దాకా సాగిన అరకు స్థానం ఏర్పడింది, పార్వతీపురం అందులో ఒక శాసనసభ సెగ్మెంట్‌గా మిగిలింది.

ఒక్క విన్నపంతో ముగిస్తాను. 1957లో ఓటు హక్కు 21 ఏళ్ళకు వచ్చేది. అంటే రెండు కాగితాలు చేతబట్టుకుని ఆ పెట్టెల ముందు నిలబడినవారు ఇప్పుడు తొంభైకి అటూ ఇటూ ఉంటారు. సాలూరు, కురుపాం వైపు మీ బంధువుల ఇళ్ళలో అలాంటివారు ఎవరైనా ఉంటే, ఈ నెలలోనే వెళ్ళి పక్కన కూర్చోండి. రెండో కాగితం ఏ పెట్టెలో వేశారో, ఎందుకు వేశారో అడగండి. వారు చెప్పింది చెప్పినట్టు రాసి నాకు పంపండి.