పాడ్‌కాస్ట్: ఒకే ప్యానెల్‌లో ఇద్దరు ‘నేను’లు

హోస్ట్: గ్రాఫిక్ మెమొయిర్ అంటే బొమ్మల్లో చెప్పిన ఆత్మకథ, అంతవరకు సరే. దాని గురించి నాలుగు మాటలు మాట్లాడమంటే మాత్రం నేను “బొమ్మలు భలే ఉన్నాయి” దగ్గరే ఆగిపోతాను.

గెస్ట్: (నవ్వు) చాలామంది అక్కడే ఆగుతారండి. ముందు ఒక్కటి చూడండి, ఈ పేజీలో “నేను” అంటున్నది ఎవరు? బొమ్మ పైనో కిందో చిన్న పెట్టెలో ఉండే మాటల్ని క్యాప్షన్ అంటారు, అది ఇప్పటి మనిషి గొంతు, జరగాల్సిందంతా జరిగిపోయాక తీరిగ్గా చెబుతున్న గొంతు. నోటి దగ్గర తోక ఉన్న బెలూన్‌లో మాట్లాడేది అప్పటి మనిషి. పాపం రేపేం కాబోతుందో ఆ మనిషికి తెలీదు.

హోస్ట్: సినిమాలో వాయిస్ ఓవర్ లాగానేగా?

గెస్ట్: దాదాపు. కాకపోతే అక్కడ గొంతు వినిపించి వెళ్లిపోతుంది, ఇక్కడ మాట బొమ్మ పక్కనే ఉండిపోతుంది, రెండూ ఒకటే చెబుతున్నాయా లేదా అని ఎంతసేపైనా చూసుకోవచ్చు. మర్జాన్ సత్రాపీ తన చిన్నతనం గురించి గీసిన ‘పెర్సెపొలిస్’ మొదటి పేజీ తీసుకోండి. ఇరాన్‌లో ఇస్లామిక్ విప్లవం తర్వాతి రోజులు. మొదటి ప్యానెల్‌లో, అంటే మొదటి బొమ్మ గడిలో, తలకు ముసుగు వేసుకున్న పిల్ల, ముఖంలో నవ్వన్నది లేదు, పదేళ్లప్పటి నేను ఇదీ, 1980 అంటుంది క్యాప్షన్. పక్క ప్యానెల్ క్లాసు ఫొటో. తను ఎడమవైపు చివర్న కూర్చుందట, అందుకని కనబడదట. నిజంగానే ప్యానెల్ అంచు ఆ పిల్లని కోసేసింది, కొసరంత కనిపిస్తుంది, అంతే. క్యాప్షన్ మాత్రం ఏమీ పట్టనట్టు మిగతా పిల్లల పేర్లు వరసగా చెప్పుకుంటూ పోతుంది!

హోస్ట్: అబ్బా. ఆ గీత అక్కడ గీయడమే కథ అన్నమాట. మరి ప్యానెల్‌కీ ప్యానెల్‌కీ మధ్య ఖాళీ?

గెస్ట్: దాన్ని గట్టర్ అంటారు. కామిక్స్ గీసే స్కాట్ మెక్‌క్లౌడ్ 1993లో ‘అండర్‌స్టాండింగ్ కామిక్స్’లో చూపిస్తాడు. ఒక ప్యానెల్‌లో గొడ్డలి ఎత్తిన మనిషి, తర్వాతి ప్యానెల్‌లో రాత్రి నగరం మీద ఒక కేక. దెబ్బ ఎక్కడా గీయలేదు, వేసింది చదివినవాళ్లే. మనం అలా పూరించుకోవడాన్ని ఆయన క్లోజర్ అన్నాడు. ఈమధ్య ప్రతి ఖాళీకీ లోతైన అర్థం అంటగడుతున్నారు గానీ, చాలా గట్టర్లు ఉత్త ఖాళీలేనండి.

హోస్ట్: (నవ్వు) మరి ఆర్ట్ స్పీగెల్‌మన్ ‘మౌస్’లో కథ నాజీల నుంచి బతికి బయటపడ్డ యూదుడైన నాన్నది, గీసింది కొడుకు. అప్పుడు “నేను” ఎవరు?

గెస్ట్: అక్కడే మజా. నాజీల కాలం గురించి చెప్పే క్యాప్షన్లు చాలావరకు నాన్న మాటలే. అమెరికాలో ముసలివాడయ్యాక మాట్లాడే ఇంగ్లీషు కాబట్టి వాక్యాలు అడ్డదిడ్డంగా ఉంటాయి. కింద పోలండ్‌లో కుర్రవాడిగా ఉన్న అదే మనిషి బెలూన్‌లో మాట సాఫీగా సాగుతుంది, ఎందుకంటే అక్కడ ఆయన తన భాషలో మాట్లాడుతున్నట్టు లెక్క. ఎవరూ పక్కన నిలబడి వివరించరు. ఇక యూదుల్ని ఎలుకల ముఖాలతో గీసింది కొడుకు, ఆ ఊహ నాన్నది కాదు. రెండో సంపుటంలో ఆ కొడుకే డ్రాయింగ్ బల్ల ముందు, మనిషి ముఖానికి ఎలుక మాస్క్ కట్టుకుని కూర్చుంటాడు. మాస్క్ తాడు వెనకాల కనబడేలా గీశాడు.

హోస్ట్: తాడు నేను చూడనేలేదు! ఉండండి, పుస్తకం తెస్తాను.