కలయిక తర్వాత నాలుగైదు రోజుల జ్వరం: పీఓఐఎస్‌తో బతకడం గురించి

(మొదట పాత క్లిప్, పదిహేను సెకన్లు. నేను బల్ల మీద ఉన్న తాళంచెవి వైపు చూపిస్తూ దాని పేరు వెతుక్కుంటుంటాను. తర్వాత ఇప్పటి నేను.)

ఇప్పుడు చూశారు కదా, "తాళంచెవి" అనే ఒక్క మాట నోటికి రావడానికి నాకెంతసేపు పట్టిందో. నేను తాగి లేను, నిద్రమత్తులోనూ లేను. మా ఆవిడా నేనూ కలిసిన మర్నాడు తీసిన వీడియో అది. ఇవాళ ఆరో రోజు, అందుకే మీతో ఇలా తిన్నగా మాట్లాడగలుగుతున్నాను.

ఈ జబ్బు పేరు పోస్ట్ ఆర్గాస్మిక్ ఇల్‌నెస్ సిండ్రోమ్, పొట్టిగా పీఓఐఎస్. వీర్యస్ఖలనం అయిన కాసేపటికి ఫ్లూ వచ్చినట్టు ఒళ్ళంతా పట్టేస్తుంది. నాకైతే ముందు కళ్ళు మండుతాయి, ముక్కు కారుతుంది, అరగంట దాటేలోపు తొడల్లో నొప్పులు మొదలవుతాయి, ఆ తర్వాత తలలో మబ్బు కమ్మినట్టు అయిపోతుంది. చదివిన లైనే మళ్ళీ చదువుతుంటాను, ఎవరేమన్నా చిరాకు. ఒంట్లో సెగలు పొగలుగా ఉంటుంది కానీ థర్మామీటర్ పెడితే చాలాసార్లు ఏమీ చూపించదు. నాలుగు రోజులు, ఒక్కోసారి ఐదు. తర్వాత ఒక పొద్దున లేచేసరికి ఏమీ జరగనట్టు పోతుంది. పెళ్ళికి ముందు మా అమ్మ "ఏరా, మళ్ళీ జ్వరమా?" అని నుదురు పట్టుకుని చూసేది. ఆవిడకి ఏం చెప్పను?

నేను డాక్టర్ని కాను. తొమ్మిదేళ్ళుగా ఈ జబ్బుతో ఉన్నవాణ్ణి, దొరికినంతా చదివినవాణ్ణి.

(స్క్రీన్ మీద: 2002, నెదర్లాండ్స్)

దీనికి వైద్యశాస్త్రంలో పేరు పడింది 2002లో. నెదర్లాండ్స్‌లో మార్సెల్ వాల్డింగర్ అనే డాక్టర్, సహచరుడు ష్వైట్జర్‌తో కలిసి, ఇద్దరు మగవాళ్ళ గురించి రాశారు. ఇద్దరే! అంతకుముందు ఇలాంటివాళ్ళు లేరా అంటే ఉండే ఉంటారు, ఎవరికీ చెప్పి ఉండరు, చెప్పినా అవతలివాళ్ళు నమ్మి ఉండరు. 2011లో ఆయన బృందమే 45 మందిని పరిశీలించి, ఈ జబ్బును గుర్తుపట్టడానికి ఐదు గుర్తులు ఇచ్చింది. ఫ్లూ లాంటి లక్షణాలు, నీరసం, ఏకాగ్రత పోవడం, మాట తడబడటం, ముక్కు కారడం, కళ్ళు దురద లాంటి వాటిలో ఒకటైనా ఉండాలి. స్ఖలనం అయిన సెకన్లలోనో నిమిషాల్లోనో, కొన్ని గంటల్లోపో మొదలవ్వాలి. అది కలయిక వల్ల అయినా, హస్తప్రయోగం వల్ల అయినా, నిద్రలో దానంతట అదే అయినా సరే. పదిసార్లలో తొమ్మిదికి పైగా ఇలాగే జరగాలి. ఎక్కువగా రెండు నుంచి ఏడు రోజులుండాలి. దానంతట అదే తగ్గిపోవాలి. ఎక్కువ కేసులు మగవాళ్ళవే, ఆడవాళ్ళలో కూడా కొద్దిమంది గురించి రాశారు.

నిద్రలో అయినా సరే అన్నాను, అది కాస్త పట్టించుకోండి. ఎందుకంటే నాకు అందరూ ఇచ్చిన సలహా ఒకటే, "కొన్నాళ్ళు నిగ్రహంగా ఉండు, అదే పోతుంది." ఉన్నాను, ఏడు నెలలు. స్వప్నస్ఖలనం అయిన ప్రతిసారీ నాలుగు రోజులు మంచం మీదే. పైగా ఎప్పుడవుతుందో తెలియదు కాబట్టి ఇంటర్వ్యూ ఉన్న వారంలో పడుకోవాలంటేనే భయం.

మన దగ్గర దీనికి ఇంకో చిక్కు ఉంది. వీర్యం పోతే బలం పోతుందని, బోలెడు రక్తపు చుక్కలు కలిస్తే ఒక్క వీర్యపు చుక్క అవుతుందని చిన్నప్పటి నుంచీ వింటూ పెరిగాం. బస్టాండు గోడల మీద "నరాల బలహీనత" ప్రకటనలు, ఫలానా తేదీన ఫలానా లాడ్జిలో డాక్టర్‌గారు ఉంటారని. నేనూ వెళ్ళాను. ఆయన నా మాట పూర్తిగా వినకుండానే లేహ్యం, మాత్రలు కట్టిచ్చి రెండు నెలల జీతం తీసుకున్నాడు. ఆ కోపంతో పెద్ద ఆసుపత్రికి వెళితే అక్కడి డాక్టర్ పూర్తి వ్యతిరేకం, "ఇదంతా నీ అనుమానం, వీర్యం పోతే ఏమీ కాదు, పుస్తకాలు చదువు" అని నవ్వి పంపించాడు.

ఆయన ఎందుకలా అన్నాడో తర్వాత అర్థమైంది. ధాత్ సిండ్రోమ్ అని ఒకటుంది, 1960లో మన దేశానికే చెందిన మానసిక వైద్యుడు ఎన్.ఎన్. విగ్ దానికి ఆ పేరు పెట్టారు. వీర్యం పోతోందనే దిగులుతోనే మనిషి చిక్కిపోతాడు, నీరసం, ఆందోళన. అది కూడా నిజమైన బాధే, వాళ్ళని చులకన చేయకండి, దానికి కౌన్సెలింగ్, చికిత్స ఉన్నాయి. కానీ మన డాక్టర్లు అలాంటి కేసులు ఎక్కువ చూస్తారు కాబట్టి నాలాంటివాడు వెళ్ళినా అదే గాటన కడతారు. తేడా ఏమిటంటే, నాకు వీర్యం గురించి ఏ దిగులూ లేదు. నాది గడియారం పెట్టినట్టు వస్తుంది, గడియారం పెట్టినట్టు పోతుంది.

మరి కారణం ఏంటి? ఇంకా తేలలేదు. వాల్డింగర్ ఊహ ఏంటంటే, ఒంట్లోంచి ఏదో పోవడం వల్ల కాదు, తన వీర్యంలోని ఏదో పదార్థానికి శరీరంలోని రోగనిరోధక వ్యవస్థే తిరగబడుతోందని, ఒక రకం ఎలర్జీ అని. 33 మందికి వాళ్ళ వీర్యాన్నే బాగా పలచన చేసి చర్మం మీద పరీక్షిస్తే 29 మందికి అక్కడ రియాక్షన్ వచ్చింది. అది చదివిన రోజు నేను ఏడ్చాను, నా పిచ్చి కాదని. కానీ 2015లో చైనాలో ఒక రోగిని పరీక్షించిన డాక్టర్లకి ఆ రకం ఎలర్జీకి రుజువు దొరకలేదు. కాబట్టి "ఇది ఎలర్జీయే" అని ఎవరైనా ఖాయంగా చెబితే నమ్మకండి.

చికిత్స సంగతీ అంతే. ఇద్దరు రోగులకి సొంత వీర్యాన్నే చాలా పలచగా మొదలుపెట్టి నెలల తరబడి చర్మం కింద ఇంజెక్షన్లు ఇస్తే, ఒకరికి 31 నెలలకి 60 శాతం, ఇంకొకరికి 15 నెలలకి 90 శాతం తగ్గిందని రాశారు. ఇద్దరే మనుషులు, మర్చిపోవద్దు. దయచేసి దీన్ని ఇంట్లో ప్రయత్నించకండి, ప్రాణం మీదకి వస్తుంది. కొందరికి ఎలర్జీ మాత్రలు, కొందరికి నొప్పి మాత్రలు కొంత పనిచేశాయి. నాకు డాక్టర్ రాసిచ్చిన ఎలర్జీ మాత్రతో ముక్కు, కళ్ళు నయం, తలలో మబ్బు మాత్రం అలాగే. నొప్పి మాత్రలు సొంతంగా వాడుకుంటూ పోతే కడుపు, కిడ్నీలు పాడవుతాయి.

ఇంకో మాట మధ్యలోనే చెప్పేస్తాను. కలయిక సమయంలో ఒక్కసారిగా పిడుగు పడ్డట్టు తలనొప్పి వచ్చినా, ఛాతీలో నొప్పి, ఊపిరాడకపోవడం లాంటివి ఉన్నా అది పీఓఐఎస్ అనుకుని పడుకోకండి, వెంటనే ఎమర్జెన్సీకి వెళ్ళండి.

(కెమెరా కాస్త దగ్గరగా)

పెళ్ళయ్యాక మొదటి ఏడాది నేను మా ఆవిడకి చెప్పలేదు. శుక్రవారం రాత్రి తప్ప దగ్గరికి వెళ్ళేవాణ్ణి కాదు, శని ఆదివారాలు పడుకుని సోమవారం ఎలాగోలా ఆఫీసుకి పోవచ్చని లెక్క. ఆమెకి ఆ లెక్క తెలియదు కదా. ఒకరోజు అడిగింది, "నేనంటే ఇష్టం లేదా, ఉంటే చెప్పండి, లేకపోయినా చెప్పండి" అని. ఆ రాత్రి అంతా చెప్పాను. నమ్మడానికి ఆమెకి రెండు నెలలు పట్టింది, అదీ నేను చెప్పినందుకు కాదు, తనే చూసి.

పిల్లల కోసం ప్రయత్నిస్తున్నప్పుడు ఇంకా కష్టం. నెలలో గర్భం వచ్చే అవకాశం ఉన్న రోజులు ఆరో ఏడో, అవి శుక్రవారం చూసుకుని రావు. ఒక నెల ఆఫీసులో ఆడిట్, ఇంకో నెల మా మరదలి పెళ్ళి, ఇంకో నెల నాకే ధైర్యం లేదు. ఐయూఐ, అంటే వీర్యాన్ని నేరుగా గర్భసంచిలోకి ఎక్కించే పద్ధతి, చేయించుకోవచ్చు కదా అంటారు, దానికీ శాంపిల్ ఇవ్వాలిగా, ఆ నాలుగు రోజులు తప్పవు. సెలవులన్నీ దానికే దాచుకుంటున్నాం.

(నోటు పుస్తకం దగ్గరి షాట్)

నాకు నిజంగా పనికొచ్చింది ఇదిగో ఈ పుస్తకం. తేదీ, టైము, ఎలా అయింది, మొదటి లక్షణం ఎన్ని నిమిషాలకి, ఏమేమి, ఏ రోజుకి తగ్గింది, ఏ మందు వేసుకున్నాను. ఇంకేమీ లేదు. పీఓఐఎస్‌ని తేల్చే రక్తపరీక్ష లేదు. థైరాయిడ్, షుగర్, విటమిన్లు, హార్మోన్లు చూసేది వేరే జబ్బు కాదని తెలుసుకోవడానికి. కాబట్టి డాక్టర్‌కి మనం చూపించగలిగేది ఈ లెక్కే. మూడు నెలలు రాసి యూరాలజిస్ట్ దగ్గరికో, మగవాళ్ళ లైంగిక సమస్యలు చూసే ఆండ్రాలజిస్ట్ దగ్గరికో వెళ్ళండి, ఎలర్జీ స్పెషలిస్ట్ దొరికితే ఆయన్నీ కలవండి. "నీరసంగా ఉంటోందండీ" అని మొదలుపెట్టకండి, నేను అలా మొదలుపెట్టే నాలుగేళ్ళు పోగొట్టుకున్నాను. పుస్తకం తెరిచి బల్ల మీద పెట్టి, "స్ఖలనం అయిన అరగంటలోపు ఇవన్నీ మొదలవుతున్నాయి, నాలుగైదు రోజులకి వాటంతటవే పోతున్నాయి, పద్నాలుగు సార్లలో పద్నాలుగు సార్లూ ఇంతే" అనండి. నేను ఐదో డాక్టర్‌తో అలాగే అన్నాను. ఆయన ఆ పేరెప్పుడూ వినలేదని చెప్పి, పెన్ను తీసుకుని స్పెల్లింగ్ అడిగారు.

మొదటి రెండు రోజులు నేను రాయలేను, అక్షరాలు కుదరవు. ఆ పేజీల్లో ఉన్న చేతిరాత మా ఆవిడది.