కూడు, గూడు కూడా జీతమే

శ్రోతలకు నమస్కారం.

పరీక్షలు అయిపోయి సెలవులు దగ్గర పడ్డాయంటే విశాఖ ద్వారకానగర్ టీ బడ్ల దగ్గర కుర్రాళ్ల మాటల్లో విదేశాలు దొర్లుతాయి. "ఎవరో రైతు పొలంలో రోజుకు నాలుగైదు గంటలు చెయ్యి వేస్తే చాలట. గదీ తిండీ వాళ్లే చూసుకుంటారట. విమానం టికెట్టు ఒక్కటి మనది." ఇది ఉత్త మాట కాదు. 1971లో లండన్‌లో సెక్రటరీగా పనిచేస్తున్న సూ కోపార్డ్ అనే ఆవిడ, పట్నవాసులు శని ఆదివారాలు సేంద్రియ పొలాల్లో పనిచేసి వచ్చేలా ఒక ఏర్పాటు మొదలుపెట్టారు. అదే ఇవాళ వూఫ్ పేరుతో చాలా దేశాల్లో నడుస్తోంది. ఇలాంటి ఏర్పాట్లు కుదిర్చే వర్క్‌అవే లాంటి వెబ్‌సైట్లు ఆ తర్వాత వచ్చాయి.

ఏర్పాటు మంచిదే. వచ్చిన చిక్కల్లా వీసా దగ్గర. "జీతం తీసుకోవడం లేదు కదండీ, టూరిస్టు వీసా సరిపోతుంది" అని చాలామంది నమ్మకం. ఈ ప్రసంగమంతా ఆ ఒక్క నమ్మకం గురించే. ఎందుకంటే చాలా దేశాల చట్టం జేబులో పడిన నోట్లను మాత్రమే చూడదు. పని చేసినందుకు మీకు ఏం దక్కిందో చూస్తుంది. కూడు, గూడు కూడా జీతమే అంటుంది.

ఒక్క దేశం తీసుకుని మొదటి నుంచీ చెబుతాను. న్యూజిలాండ్.

శ్రీకాకుళం జిల్లా నైర వ్యవసాయ కాలేజీలో బీఎస్సీ పూర్తయిన ఒక కుర్రాడు ఉన్నాడనుకుందాం. బే ఆఫ్ ప్లెంటీ ప్రాంతంలో కివీ తోట ఉన్న ఒక రైతు కుటుంబంతో మెయిళ్లు నడిచాయి. అక్కడ జూన్, జులై చలికాలం, కివీ తీగలు కత్తిరించే సమయం. రోజుకు ఐదు గంటలు, వారానికి ఐదు రోజులు పని. ప్రతిఫలంగా గది, మూడు పూటలా భోజనం. మనవాడు విజిటర్ వీసాకు దరఖాస్తు పెట్టాడు. ఖర్చుల కోసం నెలకు వెయ్యి న్యూజిలాండ్ డాలర్లు చూపించాలి. బసకు ముందే డబ్బు కట్టేసి ఉంటే 400 చాలు. రెండు నెలలకు 2,000 చూపించాల్సినచోట 800తో సరిపోతుంది కదా అని, ఆ రైతు రాసిన ఉత్తరం దరఖాస్తుకు జత చేశాడు. "ఈ అబ్బాయి మా తోట పనిలో సాయం చేస్తాడు, బస, భోజనం మేమే ఇస్తాం" అని అందులో ఉంది.

ఏ కాగితం తన పని తేలిక చేస్తుందనుకున్నాడో ఆ కాగితమే అడ్డం తిరుగుతుంది. న్యూజిలాండ్ వలస నిబంధనల్లో పని అంటే లాభం కోసమో ప్రతిఫలం కోసమో చేసే ఏ కార్యకలాపమైనా. డబ్బుతో విలువ కట్టగలిగే ఏ ప్రయోజనమైనా ప్రతిఫలమే. బస, భోజనం, బట్టలు, ఇవన్నీ అందులోకే వస్తాయి. రైతు నిజాయతీగానే రాశాడు, కుర్రాడు నిజాయతీగానే పెట్టాడు. కానీ ఆ రెండు వాక్యాలు కలిపి చదివితే, విజిటర్ వీసా మీద పనికి వస్తున్నానని తానే రాసిచ్చినట్టయింది. పని చేయడానికి అనుమతి ఉన్న వీసా వేరే ఉంటుంది, ఇది అది కాదు.

పోనీ ఉత్తరం పెట్టలేదు, వీసా వచ్చేసింది అనుకుందాం. ఆక్లండ్ విమానాశ్రయంలో కౌంటర్ దగ్గర అధికారి అడిగేవి మామూలు ప్రశ్నలే. "ఎక్కడ ఉంటారు?" "ఒక రైతు ఇంట్లో." "వాళ్లు మీకు ఎలా తెలుసు?" "ఇంటర్నెట్‌లో." "అద్దె ఎంత?" "అద్దె లేదు." "మరి రోజంతా ఏం చేస్తారు?" ఈ నాలుగో ప్రశ్నకు నిజం చెబితే వీసా షరతు దాటుతున్నట్టు. అబద్ధం చెబితే ఫోన్‌లో రైతు పంపిన సందేశం ఉండనే ఉంది, రోజుకు ఐదు గంటలని. ఫోన్లు తెరిచి చూసే అధికారం చాలా దేశాల సరిహద్దు అధికారులకు ఉంది. అక్కడ కాదన్నారంటే తిరుగు విమానమే. టికెట్టు డబ్బు పోయినట్టే, ఆ తర్వాత చాలా దేశాల దరఖాస్తుల్లో "మీకు ఎప్పుడైనా ప్రవేశం నిరాకరించారా" అన్న గడిలో అవునని రాయాల్సిందే.

ఇందులో ఒక విచిత్రం కూడా ఉంది. 2025 జనవరి 27 నుంచి న్యూజిలాండ్ విజిటర్ వీసా మీద వెళ్లినవాళ్లు అక్కడ కూర్చుని తమ దేశంలోని కంపెనీకి లాప్‌టాప్‌లో పని చేసుకోవచ్చు. అంటే రుషికొండ ఐటీ సెజ్‌లో ఉద్యోగం చేసే అమ్మాయి ఆక్లండ్ గదిలో కూర్చుని కోడ్ రాసుకోవచ్చు. కిటికీ అవతల తోటలో గదికి బదులుగా తీగ కత్తిరించకూడదు. వినడానికి తిరకాసుగా ఉన్నా దాని వెనక లెక్క ఉంది. ఆమె ఉద్యోగం అక్కడి మనిషిది కాదు. తీగ కత్తిరించే పనికి అక్కడ కూలి ఇచ్చి మనిషిని పెట్టుకుంటారు. ఆ కూలి ఎగ్గొట్టే దారి కాకూడదన్నదే ఈ చట్టాల ఉద్దేశం. నన్నడిగితే అది న్యాయమే.

మరి రైతులేమో "వీసా ఏం అక్కర్లేదు, ఏటా ఎంతోమంది పిల్లలు వస్తారు" అని రాస్తారు. వాళ్లు అబద్ధం చెప్పడం లేదు. వాళ్ల దగ్గరికి వచ్చే పిల్లల్లో జర్మనీవాళ్లు, ఫ్రాన్సువాళ్లు, జపాన్‌వాళ్లు ఎక్కువ. వాళ్ల చేతిలో ఉండేది వర్కింగ్ హాలిడే వీసా, అంటే తిరుగుతూ పని చేసుకునే వీసా. ఆ పిల్లల పాస్‌పోర్టుకు వర్తించింది మన పాస్‌పోర్టుకు వర్తించదు. అందుకే రైతును "వీసా కావాలా" అని అడగొద్దు. "ఇండియా పాస్‌పోర్టుతో మీ దగ్గరికి ఎవరైనా వచ్చారా, ఏ వీసా మీద వచ్చారు" అని అడగండి. ప్రశ్న మారితే జవాబూ మారుతుంది.

మిగతా దేశాలు గబగబా చెబుతాను.

ఆస్ట్రేలియా కాస్త మెత్తన. విజిటర్ వీసా మీద స్వచ్ఛంద సేవకు చోటుంది, భోజనం, బస తీసుకున్నా అభ్యంతరం లేదు. కానీ మీరు వెళ్లింది ప్రధానంగా ఊరు చూడడానికి అయి ఉండాలి, ఆ పని మామూలుగా అక్కడివాళ్లు జీతానికి చేసేది కాకూడదు. వ్యాపార తోటలో పళ్లు కోయడం జీతపు పనే, కాబట్టి అది కుదరదు. ఆస్ట్రేలియా మన యువతకు మరో తలుపు తీసింది. వర్క్ అండ్ హాలిడే వీసా, 462 నంబరుది. 18 నుంచి 30 ఏళ్లవాళ్లకు, ఏడాదికి 1,000 మందికి, లాటరీ పద్ధతిలో. లాటరీ నమోదుకు 25 ఆస్ట్రేలియా డాలర్లు. పేరు వస్తే ఇంటర్ తర్వాత రెండేళ్ల చదువు, ఇంగ్లిష్ పరీక్ష, సుమారు 5,000 డాలర్ల నిల్వ చూపించాలి. ఈ వీసా మీద జీతం తీసుకుని కూడా పని చేయవచ్చు. ఇంకో ఏడాది పొడిగింపు కోసం పొలం పని చూపించాలనుకునేవారికి ఒక హెచ్చరిక: జీతం లేని పని ఆ లెక్కలోకి రాదు. జీతం చీటీలు దాచుకోవాలి.

బ్రిటన్‌లో విజిటర్‌గా వెళ్లి మొత్తం 30 రోజులు దాటకుండా సేవ చేయవచ్చు, అదీ అక్కడ నమోదైన ధర్మసంస్థకే, అదీ వెళ్లడానికి అసలు కారణం కాకూడదు. ఒక కుటుంబం నడిపే ఆపిల్ తోట ధర్మసంస్థ కాదు. డిగ్రీ ఉన్న 18-30 ఏళ్లవాళ్లకు అక్కడ ఉండి పని చేసుకోనిచ్చే యంగ్ ప్రొఫెషనల్స్ పథకం ఉంది, అదీ లాటరీయే. 2,530 పౌండ్లు 28 రోజుల పాటు ఖాతాలో కదలకుండా ఉండాలి. 28 రోజుల మధ్యలో ఒక్కరోజు నిల్వ తగ్గినా లెక్క మళ్లీ మొదటికొస్తుంది.

అమెరికా వీసాకు మనవాళ్లు వెళ్లేది హైదరాబాద్ కాన్సులేట్‌కు. బీ-1, బీ-2 అనే వ్యాపార, పర్యాటక వీసాల మీద ఉద్యోగం నిషిద్ధం. గదికి బదులు పొలం పని చేస్తానంటే దాన్ని ఉద్యోగంగానే లెక్కపెట్టే ప్రమాదం ఉంది. విమానాశ్రయంలో వెంటనే పంపించేసే ఉత్తర్వు పడితే ఐదేళ్లు మళ్లీ రానివ్వరు. అబద్ధం చెప్పి వీసా తెచ్చుకున్నారని తేలితే నిషేధం జీవితాంతం. ఆస్ట్రేలియాలో తప్పుడు కాగితాలకు మూడేళ్లు, బ్రిటన్‌లో మోసానికి పదేళ్లు. పనికి పడే శిక్ష కంటే అబద్ధానికి పడే శిక్ష పెద్దదని గమనించండి. "ఇంటర్వ్యూలో పొలం మాట ఎత్తకు, టూరు అని చెప్పు" అని సలహా ఇచ్చే ఏజెంటు ఆ పదేళ్లు మీతో పంచుకోడు.

వాళ్లే కఠినం అనుకోకండి, మన దేశమూ అంతే. అరకు కాఫీ తోటల్లో సాయం చేయడానికి ఒక ఫ్రెంచి అమ్మాయి ఇ-టూరిస్టు వీసా మీద వస్తే, నెల రోజులు మించకుండా, డబ్బు గానీ మరే రకమైన ప్రతిఫలం గానీ లేకుండా మాత్రమే సేవ చేయవచ్చు. ఆమెను ఇంట్లో ఉంచుకున్నవారు 24 గంటల్లోగా విదేశీయుల నమోదు కార్యాలయానికి ఆన్‌లైన్‌లో తెలియజేయాలి. హోమ్‌స్టేలు నడుపుతున్న శ్రోతలు ఇది ప్రత్యేకంగా గుర్తుంచుకోవాలి.

అయితే దారి లేదా అంటే, ఉంది. టికెట్టు కొనకముందు రైతుకు ఒక మెయిలు రాయండి. మీ పొలం వ్యాపారమా, నమోదైన ధర్మసంస్థా? రోజుకు ఎన్ని గంటలు? అదే పనికి జీతం ఇచ్చి ఎవరినైనా పెట్టుకుంటారా? నేను బసకు, భోజనానికి డబ్బు కడితే ఎంత? ఈ చివరి ప్రశ్న మొహమాటం లేకుండా అడగాలి. డబ్బు కట్టి అతిథిగా ఉండి, తోట తిరిగి చూసి, రైతు చేస్తుంటే పక్కన నిలబడి నేర్చుకోవడం పర్యాటకం. అప్పుడు కౌంటర్ దగ్గర చెప్పే మాట, చేతిలో రసీదు, ఫోన్‌లో మెయిలు మూడూ ఒకటే అవుతాయి. ఖర్చు కొంత పెరుగుతుంది, నిజమే. ఆ మెయిలు జవాబులు వచ్చాక ఆ దేశపు వలస శాఖ సొంత వెబ్‌సైట్ తెరిచి, విజిటర్ వీసా షరతుల్లో పని గురించి ఏం రాశారో చదవండి. నియమాలు మారుతుంటాయి కాబట్టి దరఖాస్తు పెట్టే వారంలో మరోసారి చదవండి.

ఇక పొలాలకు వెళ్లేవాళ్లు మరిచిపోయేది బూట్లు. వాటికి అంటిన మట్టితో తెగుళ్లు వస్తాయని ఆ దేశాల భయం. అమెరికా కస్టమ్స్ పత్రంలో పొలానికి గానీ పశువుల మేత భూమికి గానీ వెళ్లారా అని అడుగుతారు. ఆస్ట్రేలియా పత్రంలో గడిచిన 30 రోజుల్లో పొలాలు, పశువుల దగ్గరికి వెళ్లారా అని ఉంటుంది. న్యూజిలాండ్‌కు విమానంలో వెళ్లేవాళ్లు, ప్రయాణం మొదలుపెట్టే ముందు 24 గంటల్లో ట్రావెలర్ డిక్లరేషన్ ఆన్‌లైన్‌లో నింపాలి. అది ఉచితం, దానికి డబ్బు అడిగిన సైటు అసలుది కాదు. బూటు అడుగున గాడుల్లో ఇరుక్కున్న మన ఎర్రమట్టిని పాత టూత్ బ్రష్షుతో గీకి, కడిగి, పూర్తిగా ఆరబెట్టి, సంచిలో పైనే పెట్టండి. పత్రంలో ఉన్నవి ఉన్నట్టు రాయండి. అమ్మ కట్టిచ్చిన ఆవకాయ సీసా, కారప్పొడి కూడా ఆహారమే, వాటినీ రాయాలి. రాసి చూపించినదాన్ని పనికిరాదనుకుంటే తీసేసుకుంటారు, అంతే. రాయకుండా దొరికితే న్యూజిలాండ్‌లో అక్కడికక్కడే 400 డాలర్ల జరిమానా. తేనె, విత్తనాలు మాత్రం ఇంట్లోనే వదిలేసి వెళ్లండి, ఆ రైతుకు మన వంగ విత్తనాలు ఎంత ఇష్టమైనా సరే.

నమస్కారం.