శ్రద్ధ తీసుకోమంటే ఏం చేయాలి?

అందరికీ నమస్కారం.

పిల్లల డైరీల్లో తరచూ కనిపించే మాట ఒకటుంది: "మీ అమ్మాయి లెక్కల్లో వెనకబడింది. శ్రద్ధ తీసుకోగలరు." దాని కింద తల్లో తండ్రో సంతకం పెడతారు. ఆ రాత్రి పాపకు తిట్లు పడతాయి, ఇంటిల్లిపాదికీ టెన్షన్. శ్రద్ధ అంటే ఏం చేయాలో అందులో రాయలేదు మరి.

అదే పాప నోటుబుక్కు తెరిచి చూడండి. 52 లోంచి 27 తీసేయమంటే 35 అని వేసింది. 2 లోంచి 7 పోదు కదా, అందుకని 7 లోంచి 2 తీసేసింది. అప్పు తెచ్చుకోవడం రాలేదు, అంతే. "52 పుల్లలు తీసుకుని పదేసి కట్టలు కట్టించండి, అందులోంచి 27 ఇమ్మనండి" అని టీచరు చెప్పి ఉంటే? అయిదు కట్టలు, విడిగా రెండు పుల్లలు. ఒక కట్ట విప్పక తప్పదు. ఆ విప్పడమే అప్పు తెచ్చుకోవడం. బడి మొహం చూడని నాన్న కూడా పక్కన కూర్చుని ఇది చేయించగలడు.

అమెరికాలో 1966లో వచ్చిన కోల్‌మన్ నివేదిక, పిల్లల చదువులో తేడాలకు ఇంటి పరిస్థితులు పెద్ద కారణమని చెప్పింది. దాన్ని పట్టుకుని తప్పంతా తల్లిదండ్రులదే అన్నవాళ్లున్నారు. నాకది అన్యాయంగా తోస్తుంది. ఇల్లు అంత ముఖ్యమైతే, ఇంటికి సాయం అందించడం కూడా విద్యా విధానం పనే కదా! 1989 నాటి ఐక్యరాజ్యసమితి బాలల హక్కుల ఒడంబడిక 18వ అధికరణం కూడా, పిల్లల పెంపకంలో తల్లిదండ్రులకు ప్రభుత్వాలు తోడ్పడాలనే అంటోంది.

పెద్ద ఖర్చు కూడా అక్కర్లేదు. 2013-14లో స్టాన్‌ఫర్డ్ పరిశోధకులు శాన్‌ఫ్రాన్సిస్కోలో నాలుగేళ్ల పిల్లల తల్లిదండ్రులకు వారానికి మూడు మెసేజ్‌లు పంపారు. ఇంట్లో చేయించదగ్గ చిన్న చిన్న పనులు వాటిల్లో ఉండేవి. ఆ ఇళ్లలో పిల్లలతో అక్షరాలు, మాటలు నేర్పే పనులు చేయించడం పెరిగింది.

అయితే టీచరు ఇదంతా ఎప్పుడు చేయాలి? తల్లిదండ్రులతో మాట్లాడటానికి టైంటేబుల్‌లోనే ఒక పీరియడ్ ఉండాలి, అది డ్యూటీగా లెక్కకు రావాలి. చదవలేని వాళ్లకు వాళ్ల ఇంటి భాషలో వాయిస్ మెసేజ్ వెళ్లాలి. సమావేశానికి వచ్చిన కూలీకి ఆ పూట జీతం పోకూడదు. పనిదినం పదకొండు గంటలకు మీటింగ్ పెట్టి, రాలేదని "వీళ్లకు పట్టింపు లేదు" అనేస్తున్నాం. ఈసారి వేళ నిర్ణయించే ముందు, ఎప్పుడు వీలవుతుందో వాళ్లనే అడగండి.