చంక దగ్గర అర అంగుళం
(కావలిలో కుట్టు శిక్షణ ముగింపు రోజున చేసిన ప్రసంగం)

పెద్దలకు, మూడు నెలలు కుట్టు నేర్చుకున్న అమ్మాయిలకు, వాళ్ళ అమ్మలకు నమస్కారం. ఏ ఒంటికి ఏ బట్ట నప్పుతుందో చెప్పమని పిలిచారు. ఈ ఊళ్ళో 26 ఏళ్ళుగా మిషను తొక్కుతున్నాను, తెలిసింది చెబుతాను.

పొట్టిగా ఉన్నవాళ్ళకి జానెడు అంచు చీర వద్దు. అంచు మొదలైన చోట చూపు ఆగిపోతుంది, మనిషి ఇంకా పొట్టిగా కనిపిస్తుంది. రెండు వేళ్ళ అంచు చాలు. సన్నగా ఉన్నవాళ్ళు గంజి పెట్టిన నూలు చీర కడితే నిండుగా ఉంటారు. నడుము లావున్నవాళ్ళు అదే కడితే కుచ్చిళ్ళు గొడుగులా విచ్చుకుంటాయి. వాళ్ళకి వెంకటగిరి నూలు తీయండి. 100 కౌంట్ సన్న నూలు, గంజి తగ్గించి కడితే మెత్తగా జారుతుంది. 2022లో వెంకటగిరి తిరుపతి జిల్లాలోకి పోయింది గానీ నా నోటికి అది ఇంకా నెల్లూరు చీరే. కోవూరు పక్కన పాటూరులోనూ మగ్గాలున్నాయి, ఒకసారి వెళ్ళి చూడండి.

రంగుల గురించి కూడా రాసుకొచ్చాను. అది పక్కన పెడతాను. ఒక పిల్ల సంగతి చెప్పకుండా ఉండలేను.

పెళ్ళి ఇంకా పది రోజులుంది. తల్లీ కూతురూ వచ్చారు. ఒంగోలులో ఒక షాపులో అందరి ముందూ "మీ చేతులకి ఈ రంగులు నప్పవమ్మా" అన్నారంట. ఆ పిల్లకి చిలకపచ్చ ఇష్టం. భయపడి ముదురు నీలం తెచ్చుకుంది. తల్లేమో "చేతులు మోచేతి దాకా పెట్టక్కా, దీని లావు కనపడకూడదు" అంది. పిల్ల తల ఎత్తలేదు.

ఆది జాకెట్టు ఇచ్చారు. పట్టు జాకెట్టు. తిరగేసి చూశాను. చంక చుట్టూ పట్టు ముడతలు పడి ఉంది, లోపల లైనింగ్ బిగుసుకుపోయింది. నూలు లైనింగు నానబెట్టకుండా కత్తిరించారు. ఉతికాక అది ముడుచుకుంది, పట్టు ముడుచుకోలేదు. అర అంగుళం పోయింది. తొడిగితే ఆ బిగువుకి చెయ్యి బయటికి ఉబ్బి కనపడుతోంది, చర్మం మీద ఎర్రగా వాత. ఏడాదిగా ఆ పిల్ల ఒళ్ళు వచ్చిందని రాత్రిపూట అన్నం మానేసిందమ్మా! గుడ్డ చేసిన తప్పుకి!

అమ్మలారా, మిమ్మల్నే అడుగుతున్నాను. జాకెట్టు పట్టకపోతే ముందు కుట్టు విప్పి చూడండి. బిడ్డని అనకండి. ఇంకోసారి చెబుతున్నాను, బిడ్డని అనకండి.

రెడీమేడ్ మీద 36 అని ఉంటే అది ఛాతీ కొలత. భుజం, చెయ్యి ఎవరివి వాళ్ళవే. బిగుతుగా ఉందని చంక మరీ లోతుగా తీసినా కష్టమే, చెయ్యెత్తితే జాకెట్టంతా పైకి లేస్తుంది. అందుకే లైనింగ్ రాత్రంతా నానబెట్టి ఆరేసి, అప్పుడు కత్తెర పట్టండి. పక్క కుట్లలో అంగుళం గుడ్డ వదలండి.

ఆ పిల్ల చిలకపచ్చ చీరే కట్టుకుంది. చేతులు మోచేతికి మూడంగుళాల పైనే ఆపాను.

మూడో వరసలో అమ్మాయీ, టేపు తీసుకుని ఇట్లా రామ్మా. నా కొలతలు తియ్యి, అందరూ చూస్తారు. చంక దగ్గర మొదలుపెట్టు. రెండు వేళ్ళు లోపల పెట్టి, వదులుగా పట్టు.