రొయ్యల్లో సాల్మొనెల్లా: తొందర పడకూడని చోటు

అందరికీ నమస్కారం. గోదావరి జిల్లాల చెరువుల నుంచి పైదేశాలకు వెళ్లే వనామీ రొయ్యల్లో, 25 గ్రాముల నమూనాలో ఒక్క సాల్మొనెల్లా (కడుపు జబ్బు తెచ్చే బ్యాక్టీరియా) తేలినా ఆ లాటు తిరుగుముఖం పట్టాల్సిందే. ప్లేట్ల మీద పెంచి ఖాయం చేసుకోవడానికి నాలుగైదు రోజులు పడుతుంది. రియల్ టైమ్ పీసీఆర్‌తో (బ్యాక్టీరియా డీఎన్‌ఏను పదేపదే నకలు చేసి పట్టే పరీక్ష) అయితే మర్నాటికే తెలుస్తుంది. మిషన్ తీసుకునేది గంటన్నర, రెండు గంటలు. మిగతాదంతా బ్యాక్టీరియా పెరగడానికి ఇచ్చే సమయం. దయచేసి దాన్ని మాత్రం తగ్గించకండి.

లెక్క వేసి చూద్దాం. 25 గ్రాముల రొయ్య, 225 మిల్లీలీటర్ల బఫర్డ్ పెప్టోన్ వాటర్ అనే పోషక ద్రవం (బ్రాత్), రెండూ ఒకే సంచిలో. ఈ మొత్తంలో ఉన్నది ఒక్క కణమే అనుకోండి. పీసీఆర్‌కు నమ్మకంగా చిక్కాలంటే మిల్లీలీటరుకు పది వేలైనా ఉండాలి, అంటే సంచిలో 25 లక్షలు. ఒకటి 25 లక్షలు కావాలంటే 21 సార్లకు పైగా రెట్టింపవ్వాలి. అరగంటకోసారి చొప్పున పదిన్నర గంటలు దాటుతుంది. పైగా ఫ్రీజర్ చలికి దెబ్బతిన్న కణం ముందు తేరుకోవాలి కదా! అందుకే 37 డిగ్రీల దగ్గర 16 నుంచి 20 గంటలు ఉంచమంటారు.

ఫ్రిజ్‌లోంచి తీసిన బ్రాత్‌ను అలాగే గడ్డకట్టిన రొయ్యల మీద పోస్తే, ఇంక్యుబేటర్ తెర మీద 37 చూపిస్తున్నా సంచి లోపల వేడెక్కడానికి గంటలు పడుతుంది. ఆ గంటలు లెక్కలోంచి పోయినట్టే. బ్రాత్‌ను ముందే గది వేడికి తెచ్చుకోండి. రొయ్య కరిగినప్పుడు వచ్చిన నీళ్లు పారబోయకండి, పైపొర మీది బ్యాక్టీరియా అందులోకే దిగుతుంది.

డీఎన్‌ఏ తీసేటప్పుడు అడుగున పేరుకున్న పెంకు ముక్కలు పిపెట్‌లోకి వస్తే చర్య ఆగిపోవచ్చు. ఇంటర్నల్ కంట్రోల్ (చర్య సరిగా నడిచిందో లేదో చెప్పడానికి కలిపే తోడు డీఎన్‌ఏ) గీత కూడా తెర మీద లేవకపోతే "లేదు" అని రాయకండి. పది రెట్లు పలచన చేసి మళ్లీ నడపండి.

పాజిటివ్ వచ్చిందా? చచ్చిన కణాల డీఎన్‌ఏ కూడా గీత లేపగలదు. అందుకే ఆ బ్రాత్‌లోంచి 0.1 మిల్లీలీటరును 10 మిల్లీలీటర్ల రాపాపోర్ట్ మాధ్యమంలో (మిగతా బ్యాక్టీరియాను అణచి సాల్మొనెల్లాను పెరగనిచ్చే ద్రవం) వేసి, 41.5 డిగ్రీల్లో 24 గంటలుంచి, ఎక్స్‌ఎల్‌డీ ప్లేటు (సాల్మొనెల్లాను రంగుతో వేరుగా చూపే అగర్) మీద గీయాలి. ఎర్రని కాలనీ నడుమ నల్లచుక్క కనబడితే సాల్మొనెల్లా అని అనుమానించాలి. ప్రోటియస్ అనే మరో బ్యాక్టీరియా కూడా నల్లచుక్క పెడుతుంది కానీ, యూరియాను విడగొట్టే గుణాన్ని చూసే యూరియేజ్ పరీక్షలో దొరికిపోతుంది. ఇవన్నీ ముగిశాకే సంచిని ఆటోక్లేవ్‌కు (ఒత్తిడి ఆవిరితో సూక్ష్మజీవుల్ని చంపే యంత్రం) పంపండి.